దించలేని తెరచాప

(కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో ఒక రిటైర్డ్ మెరైన్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. అరగంట ఆలస్యంగా వచ్చాను, ముందు దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. తప్పు నాది కాదు, ఇదిగో, దీనిది. థర్మోకోల్ రెక్క. నిన్న రాత్రి కూర్చుని కోసి అంటించాను. ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, లోపల నిలువునా ఒక ఇనుప చువ్వ. ఇంటి దగ్గర ఆటో ఎక్కితే అడ్డంగా పెడితే పట్టదు, నిలువుగా పెడితే టాపుకి తగులుతుంది. సరేలే అని బయటికి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. జగన్నాథపురం వంతెన ఎక్కామో లేదో, గాలి ఒక్క తోపు తోసింది. భుజం ఊడి వచ్చినంత పనయింది. ఆటో అతను వెనక్కి తిరిగి "బాబుగారూ, బండిని కూడా లేపేసేలా ఉన్నారు, దిగండి" అన్నాడు. దిగాను. మిగతా దూరం నడిచే వచ్చాను.

ఈ తువ్వాలు కూడా నాతోపాటే వచ్చింది. భుజం మీద పడి ఉంది, ఏ గొడవా చెయ్యలేదు.

నేను చెప్పాల్సిందంతా ఆ వంతెన మీదే అయిపోయింది. కానీ గంట మాట్లాడతానని మీ సార్లకు మాట ఇచ్చాను.

పడవకు గుడ్డ తెరచాప తీసేసి, విమానం రెక్కలాంటి గట్టి రెక్కను నిలువునా బిగిస్తే ఏమవుతుందన్నది ఇవాళ్టి విషయం. మన మాటలోనే చూడండి, తెర'చాప'. చాప అయినా గుడ్డ అయినా చుట్టి పక్కన పెట్టుకునే వస్తువే. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంటుంది. ఆ రోజుల నుంచి నిన్న మొన్నటిదాకా ఈ తీరంలో అందరూ నమ్ముకున్నది ఆ చుట్టలో ఉన్న గుడ్డనే.

మా తాతది తాళ్లరేవు. ధోనీ అనే తెరచాప ఓడ మీద సరంగుగా చేశాడు. నేను మెరైన్ ఇంజనీరింగులో చేరుతున్నానని చెప్పినప్పుడు "ఇంజనుకేముందిరా, ఆపితే ఆగుతుంది. గాలిని ఎవడాపుతాడు?" అన్నాడు. ఆయన చెప్పే కథలన్నీ చాప దించడం గురించే. ఎత్తిన కథ ఒక్కటీ లేదు! దూరంగా నీళ్ల మీద నల్లటి గీత, అంటే దూసుకొచ్చే పెనుగాలి, కనిపించగానే అరిచేవాడట. ఇద్దరు తాడు వదలాలి, ఇద్దరు కిందికి వచ్చే గుడ్డ మీద పడి ఒళ్లంతా అదిమి పట్టాలి, లేకపోతే అది మళ్లీ లేస్తుంది. ఆయన కుడి అరచేతిలో తాడు ఒరుసుకున్న మచ్చ చివరిదాకా ఉంది. నున్నగా, తోలు మెరిసినట్టు ఉండేది. చిన్నప్పుడు వేలితో తడిమి చూసేవాణ్ణి.

సరే. ఆ పెడస్టల్ ఫ్యాన్ ఇటు తిప్పండి బాబూ. మూడులో పెట్టండి. తమ్ముడూ, నువ్వు ఇలా రా. తువ్వాలు ఈ కొసలు రెండూ నువ్వు పట్టుకో, ఆ రెండూ నేను పట్టుకుంటా. గాలికి ఎదురుగా పెడితే ఏమైంది? పొట్ట వచ్చింది. ఆ పొట్టే పడవను లాగుతుంది. ఇప్పుడు మెల్లగా తిప్పుదాం, అంచు ఫ్యాన్ వైపు వచ్చేలా. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ... టపటపా కొట్టుకుంటోంది. పొట్ట పోయింది, లాగుడూ పోయింది. గుడ్డకు సొంత ఆకారం లేదు, గాలి ఇస్తేనే వస్తుంది. అందుకే గాలికి మరీ దగ్గరగా తిప్పిన గుడ్డ చాప పనిచెయ్యదు. దాన్ని బిగబట్టి ఉంచాలంటే తాళ్లలో టెన్షన్ పెంచాలి. పెద్ద రేసు పడవల్లో అది టన్నుల్లో ఉంటుంది. మీ సెమిస్టర్ టెన్షన్ కాదు, తాడు టెన్షన్. (నవ్వులు)

ఇప్పుడు రెక్క. చువ్వ కింది కొస ఈ సైకిల్ బేరింగులో పెడుతున్నాను, అటూ ఇటూ తిరుగుతుంది. అమ్మాయ్, నువ్వు వచ్చి చువ్వ పట్టుకో. అంచు సరిగ్గా ఫ్యాన్ వైపు పెట్టు. ఏమైనా తెలుస్తోందా? ఏమీ లేదు కదా, చప్పుడు కూడా లేదు. ఇప్పుడు ఒక పది డిగ్రీలు పక్కకి తిప్పు. ఎటు లాగుతోంది?

(విద్యార్థిని: పక్కకి సార్. గట్టిగానే లాగుతోంది.)

చూశారా! గాలి ముందు నుంచి వస్తోంది, అది పక్కకి లాగుతోంది. లిఫ్ట్ అంటే ఇదే. విమానానికైతే పైకి, పడవకైతే పక్కకీ ముందుకీ. ఆ పక్క బలాన్ని నీళ్ల కిందున్న పలక అడ్డుకుంటుంది, మిగిలిన ముందు భాగం పడవను నడుపుతుంది. గుడ్డ చాప కూడా ఇలాగే పనిచేస్తుంది, గాలికి కొట్టుకుపోవడం ఒక్కటే కాదు దాని పని. తేడా ఎక్కడంటే, ఇంత లిఫ్ట్ కోసం ఎంత డ్రాగ్, అంటే వెనక్కి పట్టి లాగే గాలి బలం, కట్టుకోవాలన్న దగ్గర. గుడ్డకు ముందు ఒక గుండ్రటి కొయ్య, చుట్టూ తాళ్లు, అతుకులు, ముడతలు. అవన్నీ డ్రాగే. రెక్కకు ఆ బరువు తక్కువ.

డ్రాగ్ అంత ముఖ్యమా అంటే, స్కూటర్ మీద వెళ్లేవాళ్లకు ఇది తెలుసు. గాలి పక్క నుంచి వీస్తున్నా మీరు యాభైలో పోతుంటే మొహానికే కొడుతుంది. పడవ వేగం పెరిగేకొద్దీ గాలి ముందుకు జరుగుతుంది. గాలి కంటే వేగంగా పోయే పడవకు ఎటు పోయినా ఎదురుగాలే. అక్కడ గుడ్డ టపటపలాడుతుంది, రెక్క నోరు మూసుకుని పని చేసుకుపోతుంది.

అయితే విమానం రెక్కను తెచ్చి నిలబెడితే సరిపోదు. విమానం రెక్కకు పైభాగం ఎప్పుడూ పైభాగమే. పడవకు గాలి ఇప్పుడు ఎడమ నుంచి వస్తుంది, మలుపు తిరిగితే కుడి నుంచి. అందుకని ముందు ముక్క రెండు వైపులా ఒకేలా చేసి, వెనక ఇంకో ముక్కను కీలు మీద పెడతారు. దాన్ని ఎటు వంచితే పొట్ట దానికి ఎదురు వైపు వస్తుంది. రెండు ముక్కల మధ్య సన్నటి సందు వదులుతారు. శంషాబాద్‌లో దిగేటప్పుడు విండో సీటులో కూర్చుని ఉంటే చూసే ఉంటారు, రెక్క వెనక నుంచి ఫ్లాపులు కిందికి దిగి మధ్యలో సందు కనిపిస్తుంది. ఆ సందులోంచి దూసుకొచ్చే గాలి, వెనక ముక్క మీద నడిచే గాలి ఊడిపోకుండా అంటిపెట్టి ఉంచుతుంది. అదే కిటుకు ఇక్కడా.

దీన్ని ప్రపంచం కళ్లప్పగించి చూసింది అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందేల్లో. 1988లో న్యూజిలాండ్‌కు చెందిన మైకేల్ ఫే చాలా పెద్ద ఒంటి పడవతో సవాలు విసిరాడు. అమెరికా తరఫున డెనిస్ కానర్ దానికంటే చిన్నదైన 60 అడుగుల జంట పడవతో, దాని మీద గట్టి రెక్కతో వచ్చాడు. ఆ రెక్క కట్టింది పడవలవాళ్లు కాదు. ఎడారిలో విమానాలు చేసుకునే బర్ట్ రుటాన్ కంపెనీ. శాన్ డియాగోలో 2–0తో కానర్ గెలిచాడు. అన్నట్టు జంట పడవను వాళ్లు 'కాటమరాన్' అంటారు. అది మన పక్క తీరం మాటే, కట్టుమరం. మన తెప్పకు చుట్టం. పేరు ఇక్కణ్నుంచి వెళ్లింది, రెక్క అక్కణ్నుంచి వచ్చింది.

2010 కథ ఇంకా బావుంటుంది. స్పెయిన్‌లోని వలెన్సియా, ఫిబ్రవరి. ఒక పక్క స్విట్జర్లాండ్ వాళ్ల అలింగి జట్టు, గుడ్డ చాపలతో. ఇంకో పక్క అమెరికా వాళ్లది, మూడు పడవలు పక్కపక్కన జోడించినట్టుండే పడవ. పందెం మూడు నెలలుందనగా, నవంబరులో, శాన్ డియాగో దగ్గర ప్రాక్టీసులో దీని కొయ్య విరిగి పడిపోయింది. అప్పటికే పక్కన తయారవుతున్న రెక్కను తెచ్చి నిలబెట్టారు. దాని ఎత్తు 68 మీటర్లు. బోయింగ్ 747-400 రెండు రెక్కలూ ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే 64 మీటర్ల చిల్లర. అంటే ఆ విమానం రెక్కల కంటే పొడుగైనదాన్ని ఒక పడవ మీద నిలువునా పెట్టారన్నమాట. రెక్క పడవే గెలిచింది, మొదటి పందెంలో 15 నిమిషాల పైన తేడాతో, రెండోదాంట్లో 5 నిమిషాల పైన. అయిపోయింది.

ఇక అందరూ రెక్కలే పెట్టుకుంటారనుకున్నారు. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో పందెం పడవలన్నింటికీ సుమారు 40 మీటర్ల రెక్కలు. అక్కడే నాకు మా తాత గుర్తొచ్చేది. రోజూ పొద్దున షెడ్డులోంచి రెక్కను బయటికి తెచ్చి, క్రేనుతో ఎత్తి, పదుల మంది తాళ్లు పట్టుకుని పడవ మీద దించాలి. సాయంత్రం మళ్లీ క్రేను, మళ్లీ షెడ్డు. 2012 అక్టోబరులో అమెరికా జట్టు ఒరాకిల్ వాళ్ల పడవ అక్కడి బేలో ప్రాక్టీసులో తిరగబడింది. వెనక్కి తీసే ఆటు నీరు పడవను గోల్డెన్ గేట్ వంతెన దాటించి సముద్రంలోకి లాక్కుపోయింది. రెక్క ముక్కలు ముక్కలు. గుడ్డ చాపైతే తడిసేది, చిరిగేది, కుట్టుకునేవాళ్లం.

2017 బెర్ముడా పందెం దాకా రెక్కలు నడిచాయి. 2021కి నిబంధన మార్చేశారు. కొయ్యకు రెండు పక్కలా రెండు పొరల గుడ్డ. చూడ్డానికి రెక్కలా ఉంటుంది, కావాలంటే దించుకోవచ్చు. ప్రపంచంలో అందరికంటే డబ్బున్న పడవలవాళ్లు క్రేనుకు దండం పెట్టి గుడ్డకు తిరిగొచ్చారు! నన్నడిగితే రెక్క ఓడిపోయింది గాలి దగ్గర కాదు, రేవు దగ్గర.

కాబట్టి రెక్క పెట్టాలనుకునే ఎవరైనా మొదట జవాబు చెప్పుకోవాల్సింది ఒక్కదానికే. అక్కర్లేనప్పుడు దీన్నేం చేస్తావు?

నాకు బాగా నచ్చిన జవాబు సెయిల్‌డ్రోన్ అనే కంపెనీ వాళ్లది. రిచర్డ్ జెంకిన్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఆయన ముందు నేల మీద పరుగెత్తే రెక్క బండి చేశాడు, గ్రీన్‌బర్డ్. 2009లో అమెరికాలో ఒక ఎండిన సరస్సు మీద, కేవలం గాలితో, గంటకు 202.9 కిలోమీటర్లు. ఆ రెక్కనే తీసుకెళ్లి మనిషి లేని చిన్న పడవ మీద పెట్టాడు. సముద్రం వేడి, గాలి, అలలు కొలుచుకుంటూ నెలల తరబడి తిరుగుతుంది. దించే మనిషే లేడు కదా, మరి తుఫాను వస్తే?

అసలు దించదు. ఆ రెక్క తన చువ్వ మీద చుట్టూ ఎటైనా తిరుగుతుంది. ముందు ఒక బరువు ఉంటుంది, వెనక ఒక చిన్న తోక. తోకను కాస్త వంచితే రెక్క గాలికి కాస్త కోణంలో నిలబడుతుంది, లాగుతుంది. తోక వంచకుండా తిన్నగా పెడితే గాలికోడిలా గాలి వైపు తిరిగి ఊరుకుంటుంది. ఒక చిన్న మోటారు చాలు, సోలార్ కరెంటుతో నడుస్తుంది. అలా ఊరుకున్న రెక్క గాలిని ఆపేది చాలా తక్కువ. అంతే మందం ఉన్న గుండ్రటి కొయ్య దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆపుతుంది. 2021 సెప్టెంబరు 30న అలాంటి పడవ ఒకటి, దాని నంబరు 1045, శామ్ అనే హరికేన్ లోపలికే వెళ్లింది. తుఫాను కోసమని రెక్కను పొట్టిగా చేసి పంపారు. 50 అడుగుల అలలు, గంటకు 190 కిలోమీటర్ల పైన గాలి. లోపలి నుంచి వీడియో పంపింది. మీ ఫోనుల్లో చూడండి, ఇప్పుడు కాదు, ఇంటికెళ్లాక.

నేను ఆటోలో చేసిన తప్పు కూడా అదే. గట్టిగా పట్టుకున్నాను. చువ్వ మీద వదిలేసి ఉంటే గాలికి తిరిగి బుద్ధిగా నిలబడేది. కాకపోతే వెనక బైకు మీద వస్తున్నాయన ఒప్పుకోవాలి కదా.

ఇక నా ఇంటి సంగతికి వస్తాను, అంటే సరుకు ఓడలకు. ముప్పై ఏళ్లు బల్క్ క్యారియర్ల ఇంజన్ రూముల్లో ఉన్నాను. బొగ్గు, ఇనుప ఖనిజం, గోధుమలు. డెబ్భై ఐదు వేల టన్నుల ఓడ రోజుకు ముప్పై టన్నుల పైచిలుకు ఫ్యూయల్ ఆయిల్ తాగేది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే నూన్ రిపోర్ట్ పంపాలి, ఎంత దూరం వచ్చాం, ఎంత కాలింది, ట్యాంకుల్లో ఎంత ఉంది అని. ఒకసారి ఎదురుగాలిలో టన్నున్నర ఎక్కువ కాలింది. ఆఫీసులో కూర్చున్నాయన మెయిలు పెట్టాడు, "దయచేసి కారణం తెలపండి" అని. 'గాలి' అని ఒక్క మాట రాసి పంపాను. దానికి ఇంకో నాలుగు మెయిళ్లు వచ్చాయి. గాలి అనే వస్తువు మా లెక్కల్లో ఖర్చు వైపే ఉండేది, ఎప్పుడూ జమ వైపు రాలేదు.

జమ వైపు తెద్దామని జపాన్ వాళ్లు 1980లోనే చూశారు. షిన్ ఐతోకు మారు అని చిన్న ట్యాంకరు. ఉక్కు చట్రాలకు గుడ్డ బిగించిన రెండు చాపలు, కంప్యూటరు తిప్పేది, అక్కర్లేకపోతే మడిచేది. బాగానే పనిచేసింది. కానీ ఎనభైల మధ్యలో చమురు ధర కూలింది. ఆ చాపల్ని దించింది గాలివాన కాదు, పీపా ధర.

ఇప్పుడు మళ్లీ మొదలైంది. టన్ను ఫ్యూయల్ ఆయిల్ కాలిస్తే మూడు టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దానికి లెక్క చెప్పమని అన్ని వైపుల నుంచీ అడుగుతున్నారు. 2022 అక్టోబరులో జపాన్‌లోనే షోఫు మారు అనే బొగ్గు ఓడ వచ్చింది. ముక్కు దగ్గర ఒకే ఒక్క ఫైబర్ రెక్క. దించడానికి వాళ్ల ఉపాయం మన పాత రేడియో ఏరియల్. నాలుగు ముక్కలు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోతాయి. పూర్తిగా ఎత్తితే 50 మీటర్ల పైన. మొదటి ఏడాదిన్నర లెక్క చెబుతూ దాన్ని నడిపే మిత్సుయి ఓ.ఎస్.కె. లైన్స్ కంపెనీ వాళ్లు సగటున 5 నుంచి 8 శాతం, బాగా కలిసొచ్చిన రోజు 17 శాతం దాకా ఇంధనం ఆదా అయిందన్నారు.

2023 ఆగస్టులో పిక్సిస్ ఓషన్. 80 వేల టన్నుల ఓడ, సరిగ్గా నేను తిరిగిన రకం. మిత్సుబిషి వాళ్ల ఓడ, అద్దెకు తీసుకుని నడిపించుకున్నది కార్గిల్ అనే అమెరికా కంపెనీ. షాంఘైలో రెండు రెక్కలు బిగించారు, ఒక్కొక్కటి 37.5 మీటర్లు. ఆ రెక్కలు గీసింది బార్ టెక్నాలజీస్ అనే కంపెనీ. వాళ్లెవరనుకున్నారు? అమెరికాస్ కప్ కోసం పడవలు గీసిన బ్రిటిష్ జట్టులోంచి వచ్చినవాళ్లే. పందెం పడవలు వదిలేసిన రెక్క విద్య సరుకు ఓడ మీదికి ఎక్కింది. ఇక్కడ రెక్క నిలువునా లేస్తుంది, పని లేనప్పుడు మడత మంచంలా డెక్కు మీద పడుకుంటుంది. ఆరు నెలలు తిరిగాక సగటున రోజుకు 3 టన్నులు మిగిలాయని చెప్పారు. గాలి బాగా కుదిరిన రోజు 11.

మూడు టన్నులేనా అని మీలో ఎవరో నవ్వారు. టన్ను 600 డాలర్లు అనుకోండి, రోజుకు 1,800 డాలర్లు. టన్నున్నర కోసం నాకు ఐదు మెయిళ్లు పెట్టిన మనిషికి ఇది తక్కువేం కాదు.

అయినా డెక్కు మీద నిలబడి చూసేవాడిగా నా భయాలు నాకున్నాయి. విశాఖలో బొగ్గు దించేటప్పుడు చూడండి. ఇరవై టన్నుల గ్రాబ్, అంటే బొగ్గు తోడే ఇనుప దోసిలి, ఉయ్యాలలా ఊగుతూ హాచ్ లోకి, ఓడ సరుకు గది నోట్లోకి, దిగుతుంది. ఆ పక్కనే పడుకోబెట్టిన ఫైబర్ రెక్కకు ఒక్కసారి తగిలితే ఆ ఏడాది ఆదా అంతా రిపేరుకే. బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గది, అక్కణ్నుంచి చూపు ఇంకో గొడవ. ఓడ ముందు సముద్రం రెండు ఓడ పొడవులు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అది, అంతకుమించి కనబడకుండా ఉండకూడదని నియమం. ఎదురుగా పది అంతస్తుల గోడ నిలబెట్టి ఆ నియమం పాటించాలంటే చాలా కష్టపడాలి. కంటైనర్ ఓడకైతే అసలు చోటే లేదు, డెక్కంతా పెట్టెలే.

గుడ్డ చాపే పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు. ఎవరు లాగుతారు? మా ఓడలో మొత్తం ఇరవై రెండు మంది. అందులో డెక్కు మీద తాడు పట్టేవాళ్లు ఆరుగురో ఏడుగురో. ఆ గుడ్డ ఎండకు కుళ్లుతుంది, ఉప్పుకు కుళ్లుతుంది, ఎప్పటికప్పుడు కుట్టుకోవాలి. రెక్కకైతే బటన్. పందెం పడవలో మనుషులు ఎక్కువ, రెక్క వాళ్లకు బరువైంది. సరుకు ఓడలో మనుషులు తక్కువ, అందుకే ఇక్కడ అది సరిపోయింది.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, వెనక నీలం చొక్కా.

(విద్యార్థి: సార్, మాది ఉప్పాడ. మా ఫైబర్ బోట్లకు ఇది పెట్టొచ్చా? డీజిల్ ఖర్చు తగ్గుతుందా?)

ఉప్పాడ అంటున్నావు కాబట్టి నీకే తెలియాలి. సాయంత్రం బోటు ఎలా ఒడ్డెక్కుతుంది? అల మీద వస్తుంది, నలుగురు దూకి పట్టుకుని ఇసుక మీదికి లాగుతారు. ఆ అలలో బోటు ఒక పక్కకి ఒరిగిందనుకో, రెక్క విరుగుతుంది, లేదా కింద ఉన్నవాడి తల పగులుతుంది. ఒడ్డెక్కాక రాత్రంతా ఆ రెక్క గాలిలో నిలబడే ఉంటుంది. నవంబరు తుఫాను వస్తే బోటును రెక్కే ఈడ్చుకుపోతుంది. నీకు కావాల్సింది చుట్టి భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్లగలిగే చాప. ఎదురుగాలికి ఇంజను ఉంచుకో. వాలుగాలికి, అంటే వేటకెళ్లి వచ్చేటప్పుడు గాలి కలిసొస్తే, చిన్న గుడ్డ చాప ఎత్తి చూడు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా దించాలో ముందు నేర్చుకో.

ఇంకెవరైనా? లేదా? సరే, ఫ్యాన్ ఆపెయ్యండి బాబూ. ఎవరి దగ్గరైనా కారుందా, పైన క్యారియర్ ఉన్నది? లేకపోతే ఈ రెక్కను మీ ల్యాబులోనే వదిలేసి వెళ్తాను. ఆ తువ్వాలు ఇటివ్వు తమ్ముడూ.